హ్యాండ్‌బ్యాగులో అరకిలో రాయి

మెహదీపట్నం వైపు ఒకడు బైకు మీద వెనకనుంచి వచ్చి, నడిచిపోయే ఆడవాళ్ల వీపు మీద చరిచి పారిపోతున్నాడని టీవీలో చెప్పారు. మొయినాబాద్‌లో కిరాణా దుకాణం నడిపే మా బాపు త్రాసు వదిలేసి టీవీ ముందు నిలబడిపోయాడు.

"గొలుసు గుంజుకపోతలేడు, పర్సు ముట్టుకుంటలేడు. మరి వానికేం గిట్టుబాటు?" అన్నాడు.

లాభం లేకుండా అంతలా తిరిగేవాణ్ణి ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పెట్రోలు కూడా సొంత ఖర్చేనని తట్టాక మరీ భయపడ్డాడు.

అప్పుడే నాకు సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మా ఇళ్లల్లో ఆడపిల్ల బస్సెక్కి జీతానికి పోవడం కొత్త. వాడి చెయ్యి నా మీద పడినా పడకపోయినా, నా ఉద్యోగం మీద మాత్రం పడేలా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

తిండి మానేసి అలిగితే బాపు రాజీకొచ్చాడు. దుకాణంలోని ఇనప తూకం రాయి, అరకిలోది, నా బ్యాగులో పెట్టాడు.

"దగ్గరికొస్తే ఒక్కటియ్యి," అన్నాడు.

బాగానే ఉంది. కానీ మాకు తూకం రాయి అంటే లక్ష్మి. కడిగి కుంకుమ బొట్టు పెడతాం, కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. అందుకని వెంటనే షరతులు మొదలయ్యాయి.

"విసరకు, కింద పడ్తది. బ్యాగు కాళ్లకాడ పెట్టకు. పొద్దుమీకి వాపస్ తేవాలె, దుకాణం నడవాలె."

నేను లేనంతసేపూ అరకిలో చక్కెర అడిగినవాళ్లకు కిలో అంటగట్టేవాడట. నేనేమో బస్సులో నిలబడ్డా బ్యాగును చంటిపిల్లలా ఎత్తుకునేదాన్ని. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అన్న రోజూ దాన్ని బయటికి తీసేవాడు.

"ఏంది మేడం ఇది?"

"అరకిలో."

"ఏం అరకిలో?"

"ఏదైనా."

బొట్టు చూసి దండం పెట్టి మళ్లీ లోపల పెట్టేవాడు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి బస్టాపుకు నడుస్తుంటే వెనక బైకు చప్పుడైంది. తిరిగి చూసేలోపే వీపు భగ్గుమంది. నేను చేసిన మొదటి పని, లక్ష్మి రోడ్డు మీద పడకుండా బ్యాగును రెండు చేతులతో వాటేసుకోవడం. వాడు నవ్వుకుంటూ మలుపు తిరిగిపోయాడు.

"బ్యాగు పోలే గద, నయం," అన్నాడు పక్కన పండ్లబండి ఆయన. వాణ్ణి వదిలేసి ఈయనకే ఒక్కటిద్దామనిపించింది.

బస్సులో సీటుకు ఆనుకోలేకపోయాను. చెప్తే రేపటినుంచి ఇంట్లోనే. చెప్పకూడదనే అనుకుంటూ దిగాను. దుకాణంలో రోజూలాగే బాపు రాయి బయటికి తీసి, నా ముఖం చూసి ఆగిపోయాడు. ఇక దాచలేక చెప్పేశాను.

"మరి కొట్టలేదా?"

"ఎట్ల కొట్టాలె? కింద పడొద్దంటివి!"

బేరానికొచ్చినవాళ్లు పిలుస్తున్నా బాపు రాయి వైపే చూస్తున్నాడు. అయిపోయింది, ఉద్యోగం మానెయ్యమంటాడు అనుకున్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, రాయి మీది బొట్టును గట్టిగా రుద్ది రుద్ది తుడిచేశాడు.

"ఇగ ఇది ఉత్త ఇనుము, బిడ్డా. రేపటిసంది కింద పడ్డా ఫికర్ లేదు. దూరంకెల్లి విసురు."

రేపటిసంది అన్నాడు, అంటే రేపూ పొమ్మనే. అంతసేపూ రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.