వదిన పాలు మానేసిన ఏళ్లు

అమ్మ పోయాక నన్ను పెంచింది మా వదినే. అన్న మరాఠీ ప్రాంతంలోని లాల్‌పేట్ బొగ్గు గనిలో పనిచేసేవాడు. డ్యూటీ నుంచి రాగానే ఆయనకు పెద్ద గ్లాసుడు పాలు కావాలి. గుండెపోటుతో ఆయన పోయాక వదిన మాంసం, గుడ్లు మానేసింది. ఆచారమనుకున్నాం. పాలు, పెరుగు కూడా ముట్టడం లేదని ఎవరమూ గమనించలేదు.

నాలుగేళ్లలో మనిషి మారిపోయింది. పొద్దంతా గోడకు ఒరిగి కూర్చునేది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే వయసనుకున్నాం, ఏడిస్తే అన్న మీద బెంగనుకున్నాం. ఒకరోజు నా భార్య మంచినీళ్లిస్తే గ్లాసు విసిరికొట్టింది.

"గిండ్ల ఏం కలిపినవే? నన్ను సంపుదామనా?"

"నీకు పిచ్చి లేసింది వదినా!" అని అరిచాను. నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి, కొడతాననుకుని మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు నేనూ నా భార్యా ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఈమె రోజూ ఏం తింటుందని డాక్టరమ్మ మరాఠీలో అడిగింది. నేను నా భార్య వైపు చూశాను. అందరికీ వడ్డించి, ఆఖర్న వంటింట్లో ఒక్కతే తినేది వదిన. ఆమె కంచంలో ఏముంటుందో ఒకే ఇంట్లో ఉండి మాకు తెలియదు.

వదినే చెప్పింది. "ఇంత బువ్వ, పచ్చిపులుసు. పొద్దున నల్ల చాయ్."

"పాలెందుకు తాగుతలేవు వదినా?"

"మీ అన్నకు పాలంటే పానం. ఆయనే లేనంక నాకెందుకు తమ్మీ?"

పాలు, గుడ్లు, మాంసాల్లో దొరికే బి12 విటమిన్ దాదాపు లేదని రక్తపరీక్షలో తేలింది. అది లేకపోతే నరాలే కాదు, మనసూ దెబ్బతింటుందని, మతిమరుపూ అనుమానాలూ ఏడుపూ అందుకేనని డాక్టరమ్మ వివరించింది. ఇంకొంచెం ముందు తీసుకురావాల్సింది అంది.

సూదులు వేయించాం. బతిమాలితే పెరుగు తినడం మొదలుపెట్టింది. ఇప్పుడు ముగ్గురం కలిసే తింటున్నాం. కొన్ని నెలలకు అనుమానాలు పోయాయి, నా భార్యతో మళ్లీ నవ్వుతూ మాట్లాడుతోంది. కాళ్ల తిమ్మిరి మాత్రం పోలేదు. చెప్పు జారిపోయినా తెలియక అలాగే నడుస్తుంది.

మొన్న అన్నం కలుపుతూ ఆగిపోయింది.

"అయితే తమ్మీ, ఇన్నొద్దులు నేనేడ్సింది మీ అన్న కోసం కాదా? పాలు తాగక ఏడ్సిన్నా?"

"రెండూ వదినా," అన్నాను.

ఆమె నమ్మినట్టు లేదు.