పులివెందులలో రత్నమ్మ అడిగిన ప్రశ్న

ప్రొద్దుటూరులో మా చర్చిలో ఇరవై రెండేళ్ళుగా ఆదివారం సాయంత్రాలు పెద్దవాళ్ళకు వేదపాఠం చెబుతున్నాను. విశ్వాసం అనే మాటకు గ్రీకు మూలమేమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పోయిన ఫిబ్రవరిలో కడపలో డాక్టరు నా కడుపులో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చేసి తీయాలనీ చెప్పాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళకు నేనే ధైర్యం చెప్పి పంపేవాణ్ణి. వాళ్ళు గేటు దాటగానే డాక్టరు రాసిన కాగితం మళ్ళీ తీసి చదువుకునేవాణ్ణి. ఇంత తెలిసినవాడికి ఇంత భయమెందుకు? ఎవరినైనా అడగాలనిపించింది. ఆపరేషన్‌కు పది రోజులుందనగా, జమ్మలమడుగులో స్నేహితుణ్ణి చూసి వస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు పల్లెవెలుగు బస్సు దొరికింది. పక్క సీట్లో బట్టల కొట్టు శెట్టిగారు, ఒళ్ళో చీరల మూట.

"యాడికి పోతాండావప్పా?" అన్నాడు.

"దేవుని మీద నమ్మకం గురించి ఒక సందేహముంది. స్నేహితుణ్ణి అడుగుదామని."

"దానికి బస్సెక్కి పోవల్లనా? మా యమ్మ పొద్దున్నే దేవునింట్లో కూచోని, ఇంట్లో మనిషితో మాట్లాడినట్ల స్వామితో మాట్లాడుతాది. నాకైతే ఎప్పుడూ నోట మాట రాలా," అన్నాడు. దిగేటప్పుడు, "తెలిస్తే నాకూ చెప్పప్పా" అన్నాడు. ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు.

జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీలు తిని, ఎనిమిది గంటలకు నా స్నేహితుడు సుందరరావు ఇంటికి చేరాను. అక్కడి ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైనవాడు, నాలాగే పుస్తకాల పురుగు. మూడు గంటలు విశ్వాసం గురించి వాదించుకున్నాం. బాగుంది. కానీ లేచేటప్పుడు చూసుకుంటే వచ్చినప్పటి భయం వచ్చినట్టే ఉంది. అతనికీ అర్థమైనట్టుంది.

"నాకు తెలిసిందంతా నీకూ తెలుసు సార్. పులివెందులలో కూతురింట్లో రత్నమ్మ ఉండాది, పోయి చూడు. మా ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఆపరేషన్‌కు పోయేవాళ్ళు డాక్టరు కన్నా ముందు ప్రార్థనకు ఆమెను పిలిపించుకుంటాండ్రి," అన్నాడు.

పదకొండున్నరకు పులివెందుల బస్సెక్కాను. ముద్దనూరులో పది నిమిషాలు ఆగింది. ఎండలో పోయేవాళ్ళు అక్కడే నీళ్ళు నింపుకోవడం మంచిది. దారికి అటూ ఇటూ నాపరాళ్ళ దొంతరలు, పులివెందుల దగ్గర పడేకొద్దీ అరటి తోటలు, చీనీ తోటలు. ఒంటిగంట దాటాక దిగి, భోజనం చేసి, అడుగుతూ అడుగుతూ ఆమె కూతురి ఇల్లు పట్టుకున్నాను.

రత్నమ్మకు ఎనభై దగ్గర ఉంటాయి. వసారాలో కూర్చొని శెనక్కాయలు ఒలుస్తోంది. సుందరరావు పంపాడని చెప్పి, విశ్వాసమంటే ఏమిటని అడిగాను.

"నాకేం తెలుసప్పా, సదువు లేనిదాన్ని," అంది. నేను వదలకపోయేసరికి చెప్పింది. "మా ఆయన ఆ ఆసుపత్రిలోనే పాయె. బతికించమని శానా ప్రార్థన చేసినా. బతకలా. మూణ్ణెల్లు చర్చికి పోలేదు. ఇంట్లో కూచోని దేవుణ్ణి తిడతాంటి."

"మళ్ళీ ఎట్లా నమ్మకం వచ్చింది?"

"తిట్టేదానికైనా ఆయనే గదప్పా ఉండేది. తిడతా తిడతానే దగ్గరైతి." నా మొహంలోకి చూసింది. "నువ్వెందుకొచ్చినావు?"

ఆపరేషన్ సంగతి చెప్పాను.

"భయమా?"

భయపడవద్దని లేఖనాల్లో ఎక్కడెక్కడ ఉందో చెప్పబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"అది కాదప్పా. భయమా, కాదా?"

"శానా భయంగా ఉంది పెద్దమ్మా," అన్నాను. ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. దాచుకోలేకపోయాను.

ఆమె చీర చెంగుకు చేతులు తుడుచుకుని నా తల మీద పెట్టింది. "అయ్యా, ఈ బిడ్డకు భయమంట. నువ్వు పక్కనుండు," అంది. అంతే. ఇంకేమన్నా అంటుందేమోనని కళ్ళు మూసుకునే ఉన్నాను. కాసేపటికి, "మజ్జిగ తాగుతావా?" అని వినిపించింది.

నాలుగు గంటలకు ప్రొద్దుటూరు బస్సు. కిటికీ పక్కన కూర్చొని మా ఆవిడకు ఫోన్ చేశాను.

"నాకు భయంగా ఉంది సుగుణా."

"నాకూ అంతే," అంది. " మీరు ధైర్యంగా ఉండారని నేను చెప్పలా. బిరీన ఇంటికి రాండి."

చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు నేను పుస్తకాల తెలుగే వాడతాను. ఎక్కడా తడబడను, అందరూ మెచ్చుకుంటారు. ముద్దనూరు దాటాక ఆ భాషలో మొదలుపెట్టి రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. తర్వాత మా ఇంటి మాటల్లో చెప్పుకున్నాను, పక్కవాళ్ళకు వినపడకుండా. భయం పోలేదు. కానీ ఎవరో వింటున్నట్టు అనిపించింది. నాకు అలా అనిపించడం అదే మొదటిసారి. బస్సు ప్రొద్దుటూరు చేరేదాకా చెబుతూనే ఉన్నాను.