ఏ దుబాయ్ అని అడగని తప్పు

మా ముత్తాత నిజాం కాలంలో ఇరవై రెండు గ్రామాలకు దేశ్‌ముఖ్. తాత చేతికి వచ్చేసరికి అవి ఆరు, నాన్న చేతికి ఒకటి. నేను ఓడ ఉద్యోగంలో చేరేనాటికి మిగిలింది ముత్తాత కొలువు తీరిన కచేరీ భవనం ఒక్కటే. అది చిన్నాయన కొడుకు నరేందర్ వాటాకు వచ్చింది.

ప్రయాణికుల ఓడలో నేను సిబ్బంది వ్యవహారాల అధికారిని. పదవీ విరమణకు ముందటి శీతాకాలం మా ఓడ గల్ఫ్‌లో తిరిగింది. ఖతర్‌లోని దోహా మాకు టర్న్‌అరౌండ్ పోర్టు. అంటే, యాత్ర ముగిసినవారు ఉదయం దిగుతారు, కొత్తవారు మధ్యాహ్నం ఎక్కుతారు. ఇంకా ముందుకు వెళ్ళేవారు ఊరు చూసి వస్తారు. సిబ్బందికి మాత్రం అది నడుం విరిగే రోజు. గదులన్నీ సర్దాక రెండు మూడు గంటలు మిగిలితే ఒడ్డుకు వెళ్ళవచ్చు. అందరూ వెళ్ళడానికి లేదు. నిప్పంటుకుంటే ఆర్పడానికి సరిపడా మనుషులు ఎప్పుడూ ఓడలోనే ఉండాలి. వారి పేర్ల జాబితాను మ్యానింగ్ లిస్ట్ అంటాం. దాన్ని రాసేది, సంతకం చేసేది నేనే.

ప్రయాణికుల గదులు సర్దే స్టివార్డ్ మహబూబ్‌ది జగిత్యాల దగ్గరి పల్లె, మా ఊరికి రెండు ఊళ్ళ అవతల. ఎనిమిదేళ్ళుగా అతనికీ అన్నకూ మాటల్లేవు. తల్లి ఇద్దరినీ ఒప్పించి, ఒకసారి కలవమంది. "దోహాల నేను ఓడ మీదనే ఉంట సార్. దుబాయ్‌ల ఇడువుండ్రి, అన్న ఆడ ఉన్నడు" అన్నాడు. దోహా రోజుల మ్యానింగ్ లిస్టులో అతని పేరు రాసుకున్నాను.

ఆ సీజనులో మా చివరి దోహా మజిలీ నాటి ఉదయం అతను ఫోను పట్టుకుని నా ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి పంపిన నంబరుకు అప్పుడే మొదటిసారి ఫోన్ చేశాడట.

"అన్న ఈడనే, దోహాలనే ఉన్నడు సార్. అబూ హమూర్ మార్కెట్ల."

"దుబాయ్ అన్నావు కదా?"

"అమ్మ దుబాయ్ అన్నది. మా ఊర్ల ఏ దేశం పోయినా దుబాయే అంటరు. మీ ఊర్ల అనరా సార్?"

అంటారు. చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. అయినా ఏ దుబాయ్ అని అడగలేదు.

అతని స్థానంలో ఉండాలంటే అదే అగ్నిమాపక శిక్షణ పొందినవారై ఉండాలి. అలాంటివారిలో ఆ మధ్యాహ్నం ఖాళీగా ఉన్నది నేను ఒక్కణ్ణే. కానీ రెండింటికి ఊరి నడుమ ముషైరిబ్‌లో నరేందర్‌ను కలవాలని నా సెలవు నేనే రాసుకున్నాను. అతను దోహాలోనే ఇంజనీరు, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఉంటాడు. కచేరీ అమ్మకానికి సంతకం చేయడానికి ఆ సాయంత్రం హైదరాబాద్ విమానం ఎక్కుతున్నాడు. వద్దని ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. ఫోనులో చెబితే వినే మనిషి కాదు.

మహబూబ్ పేరు కొట్టేసి నా పేరు రాశాను. అధికారి స్టివార్డ్ డ్యూటీ చేయడం ఆనవాయితీ కాదని, కెప్టెన్ తర్వాతి అధికారి అయిన స్టాఫ్ కెప్టెన్ అన్నాడు. జాబితా కింద సంతకం నాదని చెప్పాను. ఒప్పుకున్నాడు.

నరేందర్‌కు రాలేనని ఫోన్ చేశాను. అమ్మవద్దని కూడా చెప్పాను.

"నువ్వొచ్చినా నేను సంతకం పెట్టేటోన్నే అన్నా. బిర్యానీ ఒక్కటి మిస్సయినవ్" అని నవ్వాడు.

మధ్యాహ్నమంతా కింది డెక్‌లో, ఫైర్ గొట్టాల పక్కన గడిచింది. మోకాళ్ళు నొప్పెట్టాయి. మహబూబ్ గడువుకు పది నిమిషాల ముందే తిరిగి వచ్చాడు. ఏమైందని అడిగాను.

"ఏం లేదు సార్. చాయ్ తాగినం. ఆఖరికి ఆయననే 'యల్లా, నడువు, నీ షిప్ పోతది' అన్నడు. మెట్రో స్టేషన్ దాంక నా సంచి ఆయననే మోసిండు."

ఆ తర్వాత ఒడ్డు సెలవు దరఖాస్తులో ఊరి పేరు ఒక్కటే చూసి ఊరుకోలేదు. కలవబోయే మనిషి ఫోన్ నంబరు కూడా రాయించాను. ముందు 974 ఉంటే ఖతర్, 971 ఉంటే దుబాయ్ వైపు. పరాయి భాషలో విన్నదాన్ని రెండుసార్లు అడిగి తెలుసుకుంటాం. సొంత యాసలో విన్నదాన్ని అడగం. పొరపాటు అక్కడ జరుగుతుంది.

కచేరీ ఆ వారమే రిజిస్ట్రేషన్ అయింది. కొన్నవారు టేకు దూలాలు ఊడదీసి విడిగా అమ్మారు.