తడిసిన డోలు

మొన్న తర్లగూడ సంతలో ఎవరో గడ్డిమంట మీద డప్పు కాస్తున్నారు. వేడెక్కిన తోలు వాసనకు నాన్న గుర్తొచ్చాడు.

రెగె, రాక్ పాటల బ్యాండులో నాన్న డోలు వాయించేవాడు. మిగతావాళ్లు కిరందుల్ ఊరి గిటారు కుర్రాళ్లు. జీపులో ఊరూరా తిరిగేవారు. నాన్న నెలలో రెండు రోజులే ఇంట్లో ఉండేవాడు. డోలు మోగకపోతే ఎక్కడికీ పోడని, ఒక పొద్దున దాని మీద బిందెడు నీళ్లు పోశాను. తోలు ఉబ్బి సాగిపోయింది. నాన్న ఆదరాబాదరాగా మంట మీద కాస్తే పగిలిపోయింది.

అంతలో జీపు వచ్చింది.

"ఏందన్నా, గిదేం డోలు? దీనికన్నా కుండ నయం!" గిటారు కుర్రాడు నవ్వాడు.

నాన్న తడిసిన నా గౌను వైపు చూశాడు. "నేనే బయట మరిచిన తమ్మీ, మంచుకు తడిసింది."

"తోంగ్‌పాల్ ఊర్ల ప్రోగ్రాం ఉన్నది. ఇంకొకల్లను చూసుకుంటం."

జీపు మళ్లీ మా గొల్లపల్లికి రాలేదు. నాన్న రోజూ ఇంట్లోనే ఉండేవాడు. నేను గెలిచాననుకుని ఆయన ఒళ్లో పడుకునేదాన్ని. ఆయన వేళ్లు నా వీపు మీద ఆగకుండా దరువు వేసేవి. నన్ను జోకొడుతున్నాడనే అనుకున్నాను.