రికార్డు పెట్టెలో తోలు బిళ్ళ

ఆదోనిలో రేడియోలు బాగుచేసే దస్తగిరి అంత మొండిఘటాన్ని మీరెక్కడా చూసి ఉండరు. 1978లో బజారి అనే అతని పాతసామాన్ల కొట్లో ఆ పెట్టె కంటబడిన రోజు నుంచి రెండేళ్లు తను నిద్రపోలేదు, ఇంట్లోవాళ్లను నిద్రపోనివ్వలేదు. పెద్ద టేకు పెట్టె. పైన ఎనిమిది గ్రామఫోను రికార్డులు దొంతరగా పెడితే చాలు, ఒకటి పాడటం అయిపోగానే ముల్లు తనంతట తనే పక్కకు తప్పుకుంటుంది, ఇంకోటి కిందికి దిగి పాడుతుంది. అలాంటిది ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

"పాడని పెట్టె ఏం చేసుకుంటావన్నా, బట్టలు పెట్టుకుంటావా?" అని బజారి ఎగతాళి చేశాడు.

"మా నాయన పేరు పోయింది దీంట్లోనేనప్పా. ఈడే ఎతకల్ల," అన్నాడు దస్తగిరి.

సంగతేమిటంటే, 1956లో ఆ పెట్టె వకీలు వెంకోబారావు ఇంట్లో ఉండేది. దస్తగిరి తండ్రి హబీబుల్లా అప్పట్లో పేరున్న మెకానిక్. ఏకాదశి ముందు రోజు వెళ్లి పెట్టె శుభ్రం చేసి వచ్చాడు. మర్నాడు వకీలుగారి తల్లి అంబాబాయి పేటలో ఆడవాళ్లందరినీ పిలిచి హరిదాసుల పాటలైన దాసర పదాలు పెట్టిస్తే, రికార్డులు దబదబమని పడి ఒకదాని వెంట ఒకటి ఐదు పగిలాయి. అంతమందిలో తల కొట్టేసినట్టయింది వకీలుగారి ఇంట్లోవాళ్లకు. సాయిబు చెడగొట్టాడన్న మాట తెల్లారేసరికి ఊరంతా పాకింది. హబీబుల్లా కూడా "లోపలి బిళ్ళ బిగించేది మర్సిపోయినా" అని ఒప్పుకున్నాడు. ఇక ఎవరు పిలుస్తారు? పనిముట్ల సంచి మూతి బిగించి కొయ్యకు తగిలించి, పత్తిమిల్లులో కూలికి పోయాడు.

దస్తగిరి మాత్రం ఆ మాట ఏనాడూ నమ్మలేదు. విప్పిన ప్రతి మరనూ సాసర్లో వరసగా పేర్చుకునే మనిషి బిళ్ళ మర్చిపోతాడా?

పెట్టె వెనక రేకు మీద సగం చెరిగిన బొంబాయి షాపు పేరొకటి ఉంది. ఆ సగం పేరు పట్టుకుని ఉత్తరాలు మొదలుపెట్టాడు. వాళ్లనీ వీళ్లనీ అడిగి ఆస్పరిలో ఒక పత్తి వ్యాపారి మనవడిని పట్టుకుంటే, వాళ్ల తాత దాన్ని రైల్లో తెప్పించి తర్వాత వకీలుకు ఇచ్చాడని తెలిసింది. అదంతా నోటుబుక్కులో రాసుకున్నాడు. పదకొండు ఉత్తరాలకు జవాబు లేదు. పన్నెండో దానికి బొంబాయి నుంచి ఒక ముసలి మెకానిక్ చేత్తో బొమ్మ గీసి పంపాడు. రికార్డు మెల్లగా దిగడానికి మీట కింద తోలు బిళ్ళ ఉండాలట.

దస్తగిరి పెట్టె విప్పాడు. బిళ్ళ లేదు, మర మాత్రం ఉంది. దాని తల మీద వంకరటింకర గాట్లు. స్క్రూడ్రైవరు గాట్లు కావవి, ఎవరో కత్తిమొనతో తిప్పారు. దస్తగిరి ఆ మర ఊడదీసి తీసుకెళ్లి తండ్రి ముందు పెట్టాడు.

"ఇదెవరు తిప్పినారు నాయనా?"

హబీబుల్లా మర వంక చూడనైనా చూడలేదు. "నేనే. పోయి అన్నం తిను."

అన్నం మానేసి ఎమ్మిగనూరు బస్సెక్కాడు దస్తగిరి. వకీలుగారి భార్య పద్మాబాయి ఇప్పుడు అక్కడ బళ్లో పంతులమ్మ. ఆమె ముందు ఆ మర పెట్టి, "దీన్ని కత్తితో తిప్పిందెవరమ్మా? తెలిసేదాకా నేను కదలను," అన్నాడు.

ఆమె మరను చేతిలోకి తీసుకుంది.

"పెట్టె తుడుస్తా మీ నాయన 'తోలు బిళ్ళ ఇంకా గట్టిగా ఉందమ్మా' అన్నాడు మా అత్తతో. దేవుడి గది పక్కన ఇన్నేళ్లూ తోలుందా అని ఆమె అదిరిపోయింది. ఆయన పోయినాక కూరగాయల కత్తితో తనే ఊడదీసి, మర మళ్లీ బిగించి, బిళ్ళను పెరట్లో పాతిపెట్టి, కత్తి పారేసి తలకు పోసుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను చూసినాను."

"మరి మా నాయన?"

"రికార్డులు పగిలినాక పిలిపించినాము. పెట్టె విప్పి చూసి, తలెత్తి మా అత్త వైపు చూసినాడు. ఆమె తలుపు చాటునుంచి రెండు చేతులూ జోడించింది. అంతే, మావారితో 'మర్సిపోయినా సామీ' అన్నాడు."

దస్తగిరికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇరవై నాలుగేండ్లమ్మా. మీరైనా సెప్పగూడదా?"

"ఆమె ఉన్నన్నాళ్లూ భయం. పోయినాక సిగ్గు."

"మీ సిగ్గుకు మా నాయన మిల్లులో దూది పీల్చినాడు," అని లేచి వచ్చేశాడు.

ఇంటికొచ్చి తండ్రిని నిలదీశాడు. హబీబుల్లా నిమ్మళంగా, "తోలని నోరు జారింది నేనేరా. పెద్దామె మొక్కింది, మాటిచ్చినా. నువ్వు బజార్లో అన్నావంటే నా మాట పోతాది," అన్నాడు. రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి సాధించింది నోట్లోనే పెట్టుకోవాలి! ఆ కసితో దస్తగిరి కొత్త తోలు బిళ్ళ కోసి పెట్టెకు బిగించాడు.

మాటిచ్చింది హబీబుల్లా. పద్మాబాయి ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. తర్వాతి గురువారం ఆమె ఎమ్మిగనూరు బస్సు దిగి నేరుగా దస్తగిరి షాపుకొచ్చింది. బజారితో పాటు నలుగురైదుగురు అక్కడ టీ తాగుతున్నారు. గుమ్మంలోనే నిలబడి అందరికీ వినబడేలా, "ఆ బిళ్ళ తీసింది మా అత్త. హబీబుల్లా తప్పేమీ లేదు. నేను చూసి కూడా చెప్పలేదు," అంది. ఆపైన షాపులో ఓ మూల కూర్చున్న హబీబుల్లా ముందుకెళ్లి చేతులు జోడించింది.

బజారి గ్లాసు కింద పెట్టేశాడు. హబీబుల్లా కళ్లు తుడుచుకుని, "కూసోండమ్మా," అన్నాడు. మెల్లగా పెట్టె దగ్గరికి నడిచి, కొత్త బిళ్ళను బొటనవేలితో నొక్కి చూశాడు.

"మందమెక్కువైందిరా దస్తగిరీ. నా సంచి యాడుంది?"

దస్తగిరి కొయ్య మీది సంచి దించాడు. ఇరవై నాలుగేళ్ల ముడి ఎంత లాగినా రాలేదు. కత్తి అందుకోబోతే తండ్రి ఆ సంచి తన ఒళ్లోకి లాక్కున్నాడు.

"కత్తొద్దు. నేను ఇప్పుతాను, ఉండు."