బీరపాదుల మధ్య దారి

నిన్న సాయంత్రం పెరట్లో వంగ మొక్కలకు అంట్లు కడిగిన నీళ్లు పోశాను. కాలిన నేల బుస్సుమంది. ఆ తడిమట్టి వాసన తగిలిందో లేదో, ఇక నిలబడ్డ చోట నిలవలేకపోయాను. నాకు అది ఓబుళమ్మత్త వాసన. పందొమ్మిది వందల అరవైల్లో గుమ్మఘట్ట దగ్గరి ఒక పల్లెకు నేను కొత్త కోడలిగా పోయినప్పుడు మా పక్కింటామె. మా ఊరి మేఘాలు కూడా నీళ్లు తాగడానికి పక్క జిల్లాకు పోయే కరువులవి. అలాంటి చోట ఆమె బీరకాయలు నా పెళ్లిలో ఊదిన సన్నాయికంటే పొడుగు. వీధిలో ఏ ఇంట గిన్నె కడిగినా ఆ నీళ్లకు కడవతో హాజరయ్యేది. నేను మొహం కడుక్కుంటున్నా కింద చట్టి పెట్టేది.

కాయ ఊరికే ఇచ్చేది కాదు. ఊరి బావి ఉప్పు. మంచినీళ్ల బావికి ఒకటే కాలిబాట. కాయ కావాలంటే ఆ బాటలో పెరిగిన ముళ్లకంప కొట్టాలి. కొట్టిన కంపే ఆమె పెరటికి మేకలు దూరకుండా కంచె. "కూర్చుంటే కాళ్లకు యేర్లు మొలుస్తాయి, లెయ్ పాపా" అని పొద్దు పొడవకముందే కొడవలి చేతిలో పెట్టేది. నెల తిరిగేసరికి నేను ముళ్లపందినయ్యాను.

ఒక ఏడు నాలుగు చినుకులు రాలగానే తిమ్మప్ప, తన చేను మీదుగా పోయే ఆ బాటను దున్ని, శెనక్కాయ వేసి, కంప అడ్డం పెట్టాడు.

"ఏమప్పా తిమ్మప్పా, దావ యాడ పాయ?" అంది అత్త.

"నా చేనక్కా ఇది. దావ గావాలంటే నీ పెరట్లో ఏసుకో" అని తన హాస్యానికి తానే నవ్వాడు.

అత్త నవ్వలేదు. ఆమె పెరటి వెనక గట్టు ఎక్కితే మంచినీళ్ల బావి నిజంగానే దగ్గర.

మర్నాడు చూద్దును కదా, కంచె పీకుతోంది. అడ్డమొచ్చిన పందిరినీ కోస్తోంది. తీగ నిండా పూత, చిటికెన వేలంత పిందెలు. నా గుండె ఆగింది, నోరు ఆగలేదు.

"అత్తా, పిందెలు దిగినాయి కదా! కాయలైనాక పీకుదాం."

"అంతవరకూ దప్పిక ఆపుకుంటావా? కడవ తీస్కరా పో."

ఊరు ఊరంతా ఆ పెరట్లోంచి నడిచింది. మేకలకు పెళ్లి భోజనం. చివరికి తిమ్మప్ప భార్య కడవతో వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇక కురుక్షేత్రమేనని నేను కొంగు బిగించాను.

"ఏమ్మే, సిగ్గుపడతా నిలబడితే కడవ నిండుతాదా? ఆడ గుంత ఉండాది, చూసి నడువు" అంది అత్త. అంతే. కానీ తెగిన తీగనొకదాన్ని నలుపుతూనే ఉంది. వేళ్లన్నీ పచ్చబడ్డాయి.

ఆ ఏడు వాన మళ్లీ రాలేదు. తిమ్మప్ప కంప కోటగోడలా బోసి నేలకు కాపలా కాసింది. పై ఏడు అత్త బీరతీగను మిద్దె మీదికి పాకించింది. పెరట్లో దారి దారిగానే ఉండిపోయింది.

ఇప్పుడు అనంతపురంలో మా పెరటి వెనకే వీధి కుళాయి. మా పెరట్లోంచి పోతే వీధివాళ్లకు దగ్గర. గేటుకు తాళం వేయమని మా ఆయన రోజూ గొణుగుతాడు. వేయను. బిందెలవాళ్లు నా వంగ మొక్కను తొక్కినప్పుడల్లా ఒళ్లు మండి కిటికీకీ వాకిలికీ మధ్య తిరుగుతాను. తిరిగి తిరిగి, తిట్టుకుంటూనే పోయి, వాళ్లు నడిచే చోట ముల్లు కనిపిస్తే ఏరేసి వస్తాను.