కౌంటర్ డ్యూటీ వద్దని పెట్టిన అర్జీ

మా ఆఫీసులో రేషన్ కార్డుల్లో పేర్లు సరిచేసే కౌంటర్ అంటే అందరికీ హడలే. చువ్వల కిటికీకి అవతల పొద్దున్నే వందమంది, ఇవతల ఒక్క కుర్చీ. కరెంటు పోతే ఫ్యాను ఆగేది, తిట్లు ఆగేవి కావు. అందుకని నెలకొకరు చొప్పున వంతులు వేసుకున్నారు.

బాబాయ్ తన వంతు వచ్చిన నెలలో గుండెదడ అని అర్జీ పెట్టాడు. చుట్టమేమీ కాదు. బెంగాలీల ఊరు లిలువాలో మా వీధిలోనే ఇల్లు, మా నాన్నదీ ఆయనదీ శ్రీకాకుళం వైపు ఒకే ఊరు. ఆఫీసులో నాకంటే ఇరవై ఏళ్లు సీనియర్.

"మగోడ్ని టెన్షన్ లోపల్లోపలే తినేస్తాది" అన్నాడు.

హెడ్ క్లర్కుని మేం బొడోబాబు అనేవాళ్లం. ఆయన ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టాడు, డాక్టరు చీటీ కూడా అడగలేదు. బాబాయ్ వెనక గదిలో చేరి టీలు తాగుతూ, రాజకీయాలు మాట్లాడుతూ వారంలో కోలుకున్నాడు. ఆయన వంతు నా మీద పడింది. తర్వాత నా వంతు. ఆ తర్వాత "నీకు అలవాటైపోయిందిగా" అని ఇంకో నెల.

రోడ్డు మీద ఎవరైనా దారి అడిగితేనే చెమటలు పట్టే మనిషిని నేను. ఆ మూడు నెలలూ పొద్దున్నే, రైలుకి బయల్దేరే ముందు పెరటి కొళాయి దగ్గర కక్కుకునేదాన్ని. డైరీలో రోజుకో గీత గీసేదాన్ని.

చివరికి నేనూ అర్జీ రాశాను. ఫైల్లోంచి బాబాయ్ అర్జీ తీసి మాటకి మాట దింపాను. గుండెదడ ఉన్నచోట మాత్రం నా నిజం రాశాను: రోజూ పొద్దున్నే వాంతులవుతున్నాయని. ఎన్నో పుస్తకాలు చదివినదాన్నే గానీ, పెళ్లికాని పిల్ల రాస్తే ఆ వాక్యాన్ని ఎలా చదువుకుంటారో నాకు తట్టలేదు.

బొడోబాబు చదివి నా మొహం చూశాడు, తర్వాత నా కడుపు వైపు చూశాడు. కాగితం మడిచి సొరుగులో వేశాడు. టిఫిన్ వేళకి అందరికీ తెలిసిపోయింది. ఒక బెంగాలీ గుమాస్తా లేచి నాకు కుర్చీ జరిపాడు. "కూర్చో దిది, ఈ టైములో నిలబడకూడదు." గదంతా నవ్వింది.

సాయంత్రం లిలువాలో రైలు దిగగానే బాబాయ్ అడ్డం వచ్చాడు.

"ఎవుడమ్మా ఆడు? మీ నాయనకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

"కౌంటర్ వల్ల, బాబాయ్."

"కౌంటర్ వల్ల వాంతులేటి? ఇన్నోళ్లు నవ్విపోతారు. ఆడోళ్లకి టెన్షనేటే!"

"మీకు వస్తే నిజమా?"

"ఓహో, నోరు కూడా వచ్చిందే" అని నాకంటే ముందే మా ఇంటికి నడిచాడు.

ఆ రోజు అమ్మ తలుపు గడియ పెట్టి నెలసరి ఎప్పుడయిందని అడిగింది. ఎవరికీ చూపించని డైరీ తీసి, ఎర్రసిరా చుక్కలు పెట్టిన తేదీలు చూపించాల్సి వచ్చింది. అమ్మ చుక్కలు లెక్కపెట్టుకుంది. పక్కనే ఉన్న గీతలేమిటని అడగలేదు.

మర్నాడు బొడోబాబు నా వైపు చూడకుండానే చెప్పాడు. "వెనక గదిలో కూర్చో. ఇది తేలేదాకా జనం కంట పడకు."

మూడు నెలలుగా నేను కోరుకున్న కుర్చీ అది. వెళ్లి కూర్చుంటే వాళ్లనుకున్నదానికి నేనే సంతకం పెట్టినట్టు. నా అర్జీ ఇచ్చెయ్యమన్నాను. చాపిన చెయ్యి దించలేదు. ఆయన కాగితం బల్ల మీద పడేశాడు. నేను చింపేసి కౌంటర్ కిటికీ తెరిచాను.

"సూసారా, ఆడోళ్ల ఓర్పే వేరు" అన్నాడు బాబాయ్ వెనకనుంచి, గదంతా వినపడేలా.

ఇంకో రెండు నెలలు రోజూ కక్కుకుంటూనే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఓర్పుతో కాదు, అక్కడున్న ఒక్కొక్కణ్ణీ అసహ్యించుకుంటూ.